స అంటే సి మెట్టేనా? స్వరాల పేర్లు, గుర్తులతో మీ అనుభవాలు రాయండి

కీబోర్డ్_కొత్త:
సరళీ వరసలు, జంట వరసలు అయ్యాక ఈమధ్య కీబోర్డ్ మొదలుపెట్టాను. స అంటే సి, రి అంటే డి అని కాగితం మీద రాసుకుని, తెల్ల మెట్ల మీద శంకరాభరణం రాగం హాయిగా వాయిస్తున్నాను. నిన్న పాడేవాళ్లు శ్రుతి జి అన్నారు. జి దగ్గర స పెట్టి మళ్లీ తెల్ల మెట్లే నొక్కుకుంటూ పోయాను. ని దగ్గరికొచ్చేసరికి వాళ్లది ఒకటి, నాది ఒకటి. టెన్షన్‌తో ఆపేశాను. తప్పు ఎక్కడ జరిగింది? వేరే సంగీతాల్లో స్వరాలకి ఏ పేర్లున్నాయో కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

తంబూర:
జి నుంచి అన్నీ తెల్ల మెట్లే నొక్కితే వచ్చేది హరికాంభోజి అనే వేరే రాగం. శంకరాభరణానికి కాకలి నిషాదం కావాలి, అంటే పై స కి ఒక్క మెట్టు కింద ఉండే ని. జి శ్రుతిలో అది ఎఫ్ షార్ప్, నల్లది. మీరు నొక్కిన ఎఫ్ కైశికి నిషాదం, దానికి ఇంకో మెట్టు కింద ఉండే ని.

సి, డి అనేవి మెట్ల పేర్లు. స, రి అలా కాదు, ఆధార షడ్జం, అంటే మనం స గా పెట్టుకున్న స్వరం నుంచి ఎంత దూరమో చెప్పే పేర్లు. మధ్య ఎ సెకనుకి 440 కంపనాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. స కి అలాంటి అంకె లేదు, గొంతుకి ఎక్కడ కుదిరితే అక్కడ పెట్టుకుంటాం. పైగా మనకి 12 స్థానాలకి 16 పేర్లు. సి శ్రుతిలో డి మెట్టు చతుశ్రుతి రిషభమూ (రి) అవుతుంది, శుద్ధ గాంధారమూ (గ) అవుతుంది.

ఆ కాగితం పక్కన పెట్టండి. నల్లవీ కలిపి 2, 2, 1, 2, 2, 2, 1 అని లెక్కపెట్టుకుంటూ ఏ మెట్టు నుంచి ఎక్కినా శంకరాభరణమే.

బృందగానం:
పాశ్చాత్య సంగీతంలోని స్వరాల పేర్లు దో, రే, మీ లతో నాకూ ఇదే తికమక. ఫ్రాన్స్, ఇటలీల్లో దో అంటే ఎప్పుడూ సి యే. నాకు నేర్పిన పద్ధతిలో మాత్రం దో మన స లాగే జరుగుతుంది. ఈ పేర్ల పుట్టుక నాకు చాలా ఇష్టం. 11వ శతాబ్దంలో గ్విదో అనే ఇటలీ సన్యాసి ఒక లాటిన్ స్తోత్రం తీసుకున్నాడు. అందులో ఒక్కో పాదం ముందుదానికంటే ఒక స్వరం పైన మొదలవుతుంది. ఆ పాదాల మొదటి అక్షరాలే ఉత్, రే, మీ, ఫా, సోల్, లా. ఏడోది తర్వాత చేరింది. ఉత్ సాగదీసి పాడటానికి కష్టం, అది దో అయింది.

నాలుగు_తీగలు:
జర్మన్ పుస్తకాలతో జాగ్రత్త! వాళ్లకి బి అంటే మన కీబోర్డ్ బి ఫ్లాట్, అంటే బి కి ఎడమ పక్క నల్లది. మామూలు బి ని హెచ్ అంటారు. తెలియక వారం రోజులు తప్పు స్వరం సాధన చేశాను. జర్మన్ స్వరకర్త బాహ్ తన పేరులోని బి, ఎ, సి, హెచ్ అనే నాలుగు అక్షరాలనే స్వరాలుగా వాడుకోగలిగింది ఈ హెచ్ వల్లే.

రెండో_కాలం:
నన్ను దెబ్బకొట్టింది గీత. మన పుస్తకాల్లో స్వరాలకి గీత గీస్తే వేగం రెట్టింపు. భాత్ఖండే పద్ధతిలో రాసిన హిందుస్తానీ బందిష్‌లో (పాటలో) రె కింద గీత చూసి గబగబా పాడేశాను. అక్కడ అది కోమల్ గుర్తు, అంటే స్వరాన్ని ఒక మెట్టు దించమని! చైనా వాళ్ల అంకెల పద్ధతిలో మాత్రం 1 నుంచి 7 వరకు స్వరాలు, కింద గీత ఉంటే నిడివి సగం, 0 అంటే విరామం. పైస్థాయికి పైన చుక్క, కిందిస్థాయికి కింద చుక్క, అచ్చం మనలాగే.

తంబూర:
ఒక మాట మర్చిపోయాను. గ అని రాసినంత మాత్రాన తోడి రాగంలో గాంధారం రాదు, ఆ ఊపు రాతలో కనపడదు. సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని పుస్తకాన్ని తెలుగులిపిలో అచ్చువేయించినప్పుడు గమకాలకి, అంటే ఆ ఊపులకి, విడివిడిగా గుర్తులు పెట్టారు. ఒక్క కీర్తన తీసి చూడండి, స్వరాల మీద ఎంత పని ఉందో కళ్లకి కనిపిస్తుంది.

కీబోర్డ్_కొత్త:
ఎఫ్ షార్ప్‌తో ఇప్పుడే వాయించాను. ని కుదిరింది! డి శ్రుతిలో లెక్కపెడితే రెండు నల్ల మెట్లు వచ్చాయి, గ కి ఒకటి, ని కి ఒకటి. సరిగ్గానే లెక్కపెట్టానా?

తంబూర:
సరిగ్గానే. ఎఫ్ షార్ప్, సి షార్ప్. ఇక ఎ నుంచి ఎక్కండి, మూడు వస్తాయి.