డాస్‌లో గ్రెప్ యునిక్స్‌లాగే ఉండాలా, డాస్ పద్ధతికి మారాలా?

కాంటా_486 (మిర్యాలగూడ):
మా బావ రైసు మిల్లులో కాంటా దగ్గర ఇప్పటికీ ఒక పాత 486 కంప్యూటర్ నడుస్తోంది. ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 6.22, 8 ఎంబీ ర్యామ్. తూకాలు రోజుకో టెక్స్ట్ ఫైల్లో పడతాయి, లైను చివర లారీ నెంబరులోని నాలుగు అంకెలు. వెతకడానికి గ్రెప్, లైన్లు మార్చడానికి సెడ్ అనే యునిక్స్ పనిముట్లను, డాస్ కోసం ఉన్న సీ కంపైలర్ డీజేజీపీపీతో నేనే కంపైల్ చేశాను. అచ్చం యునిక్స్‌లా ఉండాలని ఫైళ్లన్నీ బైనరీ మోడ్‌లో, అంటే బైట్లు ఉన్నవి ఉన్నట్టే, తెరిపించాను. లైను చివర 4417 ఉన్నవి చూపమని 4417$ అని కొడితే ఏమీ రాలేదు. ఆ లారీ ఏమో ఎదురుగా కాంటా మీదే ఉంది!

డాస్ లైను చివర 13, 10 అని రెండు బైట్లు పెడుతుంది, యునిక్స్‌కు 10 ఒక్కటే చాలు. 4417 పక్కన ఆ 13 అడ్డం పడింది. సరేనని సెడ్‌తో 13లు పీకేసి ప్రింటర్‌కు పంపాను. ఎడమ అంచుకు తెచ్చే 13 లేక డాట్ మ్యాట్రిక్స్ ప్రతి లైనునూ పై లైను ఆగిన చోటి నుంచి మొదలుపెట్టి, మెట్లు మెట్లుగా కుడి అంచు దాకా కొట్టింది. డ్రైవర్ చిట్టీ చూసి "ఏంది సార్, మెట్లు దిగుకుంట చదవాల్నా?" అన్నాడు. యునిక్స్ పనిముట్టును డాస్‌కు తెచ్చేవాడు (పోర్టు చేసేవాడు) ఎటు ఉండాలో చెప్పండి.

పాలమూరు_షెల్:
అన్నా, గ్రెప్ తప్పేం లేదు, నీ ఫైల్లో ఉన్నదే చెప్పింది. పాత గ్నూ గ్రెప్ డాస్‌లో ఏం చేసేదో తెలుసా? ఫైలు మొదటి 32 కేబీ చూసి ఇది టెక్స్టా, బైనరీయా అని ఊహించేది. టెక్స్ట్ అనిపిస్తే 13లు తీసేసి వెతికేది. వద్దనుకుంటే పెద్ద అక్షరం యు ఆప్షన్ ఇవ్వాలి. ఊహించే పనిముట్టు నాకొద్దు. ఒకే స్క్రిప్టు లైనక్స్‌లో ఒక మాట, డాస్‌లో ఇంకో మాట చెప్తే దాన్ని ఎట్ల నమ్ముతాం?

నకిరేకల్_బిట్టు:
భాయ్, డాస్‌కు వచ్చాక యునిక్స్‌లో ఏం మిగిలిందని ఈ పంతం? ప్రోగ్రామ్ తన నకలును నడిపించుకునే ఫోర్క్ లేదు. ఒకదాని ఔట్‌పుట్ ఇంకోదానికిచ్చే పైపు పెడితే మొదటి ప్రోగ్రామ్ మొత్తం అయ్యాక, టెంపరరీ ఫైలు నుంచి రెండోది చదువుతుంది. ఫైళ్ల పేర్లకు బదులు వాడే * గుర్తును డాస్ కమాండ్ షెల్ విప్పదు, ఆ పని ప్రోగ్రామ్ మొదట్లో డీజేజీపీపీ కోడే చేసుకుంటుంది. పేరులో రెండు చుక్కలున్న సోర్సు ఫైళ్లకు పేర్లే మార్చాల్సి వచ్చింది. ఇన్నిచోట్ల తలొంచి, ఒక్క 13 దగ్గర రోషమా?

పాలమూరు_షెల్:
నువ్వు చెప్పినవేవీ ఫైల్లోని బైట్లను ముట్టుకోవు. తేడా అక్కడే. జిప్ ఫైలును టెక్స్ట్ మోడ్‌లో రాసి చూడు, ప్రతి 10 ముందు ఒక 13 చేరి ఫైలు ఖరాబవుతుంది.

దేవరకొండ_పాతసామాను:
ఈ గొడవంతా ఎందుకు, ఆ డబ్బాలో లైనక్స్ వేసుకోండి.

కాంటా_486:
కాంటా ప్రోగ్రామ్ సీరియల్ పోర్టులో తూకం చదువుతుంది. సోర్సు లేదు, రాసినాయన ఎక్కడున్నాడో తెలియదు. ధాన్యం సీజన్లో మిల్లు ఆపి ప్రయోగాలు చేస్తానంటే బావ నన్నే కాంటా ఎక్కిస్తాడు.

షెల్ తమ్ముడు చెప్పిన తేడా ఒప్పుకుంటా. కానీ నా ఫైళ్లన్నీ టెక్స్టే, జిప్ భయం నాకెందుకు? చదివేటప్పుడు లైను చివర 13 ఉన్నా లేకున్నా ఒకటే అనుకోవాలి, రాసేటప్పుడు డాస్ పద్ధతిలో రాయాలి. రాత్రి డ్యూటీ గుమాస్తాకు ఆప్షన్లు నేర్పలేను. గ్రెప్, సెడ్ రెండూ టెక్స్ట్ మోడ్‌లోకి మారుస్తున్నా.

పాలమూరు_షెల్:
మార్చు. కానీ ముందు ఫైలు మధ్యలో ఎక్కడైనా 26 బైటు పెట్టి చూడు.

కాంటా_486:
పెట్టి చూశా. 212 లైన్ల ఫైలు, 90వ లైనుతో ఆగిపోయింది. ఎర్రర్ కూడా లేదు. టెక్స్ట్ మోడ్‌కు 26 అంటే ఫైలు అయిపోయినట్టేనట. కరెంటు పోయిన రోజు ఫైల్లో చెత్త పడితే మిగతా 122 లారీలు రానట్టే కదా?

నకిరేకల్_బిట్టు:
అయితే బైనరీలోనే చదివి, 10 ముందున్న 13 ఒక్కటే వదిలెయ్. నాలుగు లైన్ల కోడ్.

పాలమూరు_షెల్:
అది మాత్రం ఊహించడం కాదు. ఒప్పుకుంటా. కానీ ఆప్షన్‌గా పెట్టు, డిఫాల్ట్‌గా వద్దు.

కాంటా_486:
డిఫాల్టే. గుమాస్తా దగ్గర కూర్చుని ఆప్షన్ కొట్టడానికి నువ్వొస్తావా పాలమూరు నుంచి?