బేస్‌బాల్ క్యాచర్ బస్టర్ పోసీకి హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్లకిచ్చే శాశ్వత గౌరవం) ఇవ్వాలా? 1,500 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరిన సందర్భాలు) సరిపోతాయా?

బే ఏరియా బాబాయ్:
2027లో పోసీ పేరు మొదటిసారి ఓటింగ్‌కి వస్తోంది, బేస్‌బాల్ రచయితల ఓట్లలో 75 శాతం కావాలి. నన్నడిగితే ఇందులో ఆలోచించడానికేం లేదు. 2010లో రూకీ అవార్డు (కొత్త ఆటగాళ్లలో మేటికి ఇచ్చేది), 2012లో .336 బ్యాటింగ్ సగటు కొట్టి ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు), తన టీమ్ శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్‌కి ఐదేళ్లలో మూడు వరల్డ్ సిరీస్‌ (ఛాంపియన్‌షిప్) గెలుపులు. ఇంకేం కావాలండీ?

లెక్కల మాస్టారు:
అవార్డులు సరే, 1,500 హిట్లు, 158 హోమ్ రన్‌ల దగ్గర ఆగిపోయాడు కదా, అదీ 34 ఏళ్లకే. మరి థర్మన్ మన్సన్ సంగతేంటి? యాంకీస్ క్యాచర్, ఆయనా రూకీ అవార్డు, ఎంవీపీ రెండూ గెలిచినవాడే, రెండు వరల్డ్ సిరీస్‌లు, 1,558 హిట్లు. 1979లో విమాన ప్రమాదంలో పోయాడు. 15 ఏళ్లు బ్యాలెట్‌లో ఉన్నా రచయితలు ఎన్నుకోలేదు.

బే ఏరియా బాబాయ్:
ఆయనకి అన్యాయం చేశారని ఈయనకీ చేయాలా మాస్టారూ?

సెయింట్ లూయిస్ సుబ్బు:
అసలు క్యాచర్‌ని హిట్లతో కొలవడమేంటి? బంతి విసిరే పిచర్‌కి ఏ బంతి వేయాలో సైగ చేయాలి, పరుగెత్తేవాణ్ని ఆపాలి, రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చోవాలి. మా కార్డినల్స్ క్యాచర్ మొలీనా బ్యాటింగ్ సగటు .277యే, కానీ 9 గోల్డ్ గ్లవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు), ఒకే టీమ్‌కి క్యాచర్‌గా 2,184 ఆటలు! పోసీ గొప్పోడే, కాకపోతే మధ్యలో మానేశాడు.

బే ఏరియా బాబాయ్:
మానేశాడా? 2011 మేలో హోమ్ ప్లేట్ (పరుగు పూర్తయ్యే చోటు) దగ్గర మార్లిన్స్ ఆటగాడు స్కాట్ కజిన్స్ వచ్చి గుద్దితే కాలు విరిగి, చీలమండ లిగమెంట్లు తెగి మిగతా సీజన్ మొత్తం పోయింది, మరుసటి ఏడాదే ఎంవీపీ కొట్టాడు. 2014లో ఆ గుద్దుళ్ల మీద రూల్ తెచ్చారంటే అందులో ఈ దెబ్బ పాత్ర చాలా ఉంది. 2020లో కోవిడ్ టైమ్‌లో, దత్తత తీసుకున్న కవలలు నెలలు నిండకుండా పుట్టారని ఆడలేదు, ఏ తండ్రైనా అదే చేస్తాడు. తిరిగొచ్చి 2021లో .304, టీమ్‌కి 107 గెలుపులు. ఫామ్‌లో ఉండగా వెళ్లిపోయాడు, అంతే.

లెక్కల మాస్టారు:
అదే నా గొడవ. మిన్నెసోటా ట్విన్స్ క్యాచర్ జో మావర్ కంకషన్ (తల దెబ్బ) తర్వాత, శ్రమ తక్కువుండే ఫస్ట్ బేస్ స్థానానికి మారి ఐదేళ్లు ఆడాడు, 2,123 హిట్లు చేశాడు, 2024లో మొదటిసారే హాల్ ఆఫ్ ఫేమ్ లోపలికెళ్లాడు. పోసీకీ ఆ దారి ఉంది, వద్దనుకున్నాడు.

సెయింట్ లూయిస్ సుబ్బు:
మావర్‌కి ఓట్లు పడింది ఆ ఐదేళ్లకి కాదు సార్, క్యాచర్‌గా గెలిచిన మూడు బ్యాటింగ్ టైటిళ్లకి (లీగ్‌లో అత్యధిక సగటుకి). ఫస్ట్ బేస్‌లో ఆయన బ్యాటింగ్ అంతంతమాత్రమే. ఈ ఒక్క విషయంలో బాబాయ్ వైపే నేను.

లెక్కల మాస్టారు:
సరే, 2028లో మొలీనాకి మొదటిసారే ఓకే. పోసీకి మాత్రం ఒకట్రెండేళ్లు ఆగాలి, నేను మారను.