రెడీ ప్లేయర్ వన్: ఆ 80లు నావి కావు, మరి నాకెందుకు నచ్చాయి?

కృష్ణలంక కుర్రాడు:

ముందే చెప్పేస్తున్నా, నేను పెద్ద సాహిత్య పాఠకుణ్ణేం కాదు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా ఆఫీసు బస్సులో కూర్చున్నంతసేపూ ఏదో ఒకటి చదువుతుంటా. అలా ఎర్నెస్ట్ క్లైన్ రాసిన రెడీ ప్లేయర్ వన్ మొన్న పూర్తయింది. 2011 నాటి పుస్తకం, నా చేతికి ఇప్పుడు తగిలింది.

చదవని వాళ్ల కోసం రెండు ముక్కలు. 2045. చమురు అడుగంటింది, పనుల్లేవు, జనమంతా కళ్లజోడు తగిలించుకుని ఒయాసిస్ అనే వర్చువల్ లోకంలోనే బతుకుతుంటారు. దాన్ని తయారుచేసిన హాలిడే అనే ఆయన చనిపోతూ, ఆ లోకంలో ఒక గుడ్డు దాచాను, ఎవరికి దొరికితే నా ఆస్తంతా వాళ్లదే అని వీడియో వదిలి వెళ్లాడు. ఆయన 1972లో పుట్టాడు. కాబట్టి ఆధారాలన్నీ ఆయన చిన్నప్పటి గేములు, సినిమాలు, పాటలే. ఒకదాని మీద ఒకటి పేర్చిన ట్రెయిలర్ ఇళ్లలో బతికే వేడ్ అనే కుర్రాడు వాటన్నిటినీ కంఠతా పట్టి వేటలో దిగుతాడు.

ఇక నా గొడవ. నేను పుట్టింది 1983లో, బెజవాడ కృష్ణలంకలో. ఆ అమెరికా 80లకీ నాకూ సంబంధమే లేదు. మాకు తెలిసిన సైన్స్ ఫిక్షన్ అంటే దూరదర్శన్‌లో జెయింట్ రోబో, ఆ తర్వాత 1991లో ఆదిత్య 369. అంతే. అయినా వేడ్ జౌస్ట్ అనే పాత వీడియో గేము ఆడే సీను దగ్గర నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. నిజంగా దాటిపోయింది, షేర్ ఆటో పట్టుకుని వెనక్కి వచ్చా.

పదో తరగతి చదివే మా అమ్మాయికి ఇస్తే, యాభై పేజీలు చదివి "నాన్నా, ఇది నవలా, నెలసామాన్ల చీటీనా?" అంది. పేరు తర్వాత పేరు, సినిమా తర్వాత సినిమా. దానికి ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. చీటీ అన్నది నిజమే. మరి నాకెందుకు నచ్చింది? ఇలాంటి పాత జ్ఞాపకాల సైన్స్ ఫిక్షన్‌లో నిజంగా సరుకుందా, లేక నా వయసు మాట్లాడుతోందా?

సెకండ్ షో:

మీ అమ్మాయికి నా తరఫున ఒక ఐస్‌క్రీం కొనిపెట్టండి.

అన్నా, ఇది మనకి తెలియని వ్యాపారం కాదు. 2022 ఆగస్టులో పోకిరి మళ్లీ వేశారు, హాల్లో నేనూ ఉన్నా. తెర మీద డైలాగు వచ్చేలోపే జనం చెప్పేస్తున్నారు. కాగితాలు ఎగురుతున్నాయి. నాకూ గొంతు పోయింది. కానీ ఆ ఈల ఆ రోజు సినిమాకి పడింది కాదు, 2006లో కాలేజీ ఎగ్గొట్టి చూసిన నాకు నేను వేసుకున్నది. అందులో తప్పేం లేదు. కాకపోతే పోకిరి అనేది ముందొక సినిమా. క్లైన్ చేసింది ఏంటంటే, సినిమా లేకుండా ఈలల మీదే నాలుగొందల పేజీలు లాగడం. బ్యాక్ టు ది ఫ్యూచర్ సినిమాలోని డెలోరియన్ కారు అంటాడు, మనం ఈల వేయాలి. జపాన్ టీవీ హీరో అల్ట్రామాన్ అంటాడు, మళ్లీ ఈల. ఆ కారెక్కి వాడు ఎక్కడికి వెళ్లాడన్నది ఎవరికీ గుర్తుండదు.

నమ్మకం కుదరకపోతే 2020లో వచ్చిన రెండో భాగం చదవండి. అందులో అమెరికా గాయకుడు ప్రిన్స్ పాటలకి ఒక గ్రహం, 80ల టీనేజీ సినిమాలు తీసిన జాన్ హ్యూస్ సినిమాలకి ఒక గ్రహం. నేను మధ్యలో వదిలేశా. నవల మధ్యలో వదిలేయడం నా అలవాటు కాదు, మా ఆవిడ్ని అడగండి.

బూడిద చుక్క:

సెకండ్ షో గారూ, రెండో భాగం గురించి మీతో తగువు లేదు. మొదటి దానికి మాత్రం నేను వకాల్తా పుచ్చుకుంటా.

ఆ వేట మొత్తం ఒక నిజమైన గుడ్డు మీద కట్టింది. గుడ్డు అంటే గేము రాసినవాళ్లు అందులో దాచిపెట్టే రహస్యం. టీవీకి తగిలించుకుని ఆడే అటారీ 2600లో అడ్వెంచర్ అనే గేము, 1980 నాటిది. అప్పట్లో అటారీ వాళ్లు గేము రాసినవాళ్ల పేరు ఎక్కడా వేసేవాళ్లు కాదు. ఆ కోపంతోనే నలుగురు బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ అనే సొంత కంపెనీ పెట్టుకున్నారు. వారెన్ రాబినెట్ అనే ఆయన ఇంకో దారి పట్టాడు. అడ్వెంచర్‌లో ఎవరికీ చెప్పకుండా ఒక గది కట్టి, అందులో 'దీన్ని చేసింది వారెన్ రాబినెట్' అని రాసుకుని, నోరు మూసుకుని ఉద్యోగం మానేశాడు. సాల్ట్ లేక్ సిటీ నుంచి ఒక పిల్లాడు ఉత్తరం రాస్తే గానీ కంపెనీకి తెలియలేదు. గేము లక్షల్లో అమ్ముడుపోయింది, ఆయనకి రాయల్టీ అంటూ పైసా రాలేదు.

నేను ఈ గదిలోకి వెళ్లాను. పాత గేముల్ని కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్‌లో, ఒక ఆదివారం, మధ్యాహ్నం భోజనం చల్లారిపోతుంటే. గేములో మన హీరో ఒక చదరపు ముక్క. కత్తి అంటే బాణం గుర్తులా ఉంటుంది. డ్రాగన్ అచ్చం బాతు. నవ్వు వస్తుంది, కానీ ఆ బాతు మింగేసిందంటే దాని పొట్టలో కదలకుండా కూర్చోవాలి. నల్లకోట చిక్కుదారిలో ఒకచోట ఒకే ఒక్క చుక్క ఉంటుంది, అదీ వెనకనున్న రంగులోనే. కంటికి కనబడదు. దాన్ని తడుముకుంటూ పట్టుకోవాలి. ఎలా దొరికిందని అడగొద్దు, నేను వీడియో చూసి వెళ్లా. ఆ చుక్కని ఒక గోడ దగ్గరికి మోసుకెళ్లి, అక్కడ ఇంకో రెండు వస్తువులు పడేస్తే ఆ గోడ మినుకుమినుకుమంటుంది. అప్పుడు లోపలికి దూరొచ్చు. మధ్యలో ఒక గబ్బిలం వచ్చి మన వస్తువులు ఎత్తుకుపోతుంది, దాని సంగతి ఇంకోసారి తిట్టుకుందాం.

లోపల ఆ పేరు రంగులు మారుతూ నిలబడి ఉంటుంది. నేను ఒక కంపెనీలో పదేళ్లు పైగా కోడ్ రాశాను. నేను రాసిన దాంట్లో నా పేరు ఎక్కడా లేదు. ఆ గదిలో రెండు నిమిషాలు ఊరికే నిలబడ్డా. నవల చివర వేడ్ చేరేది ఆ గదికే. దాన్ని నెలసామాన్ల చీటీ అంటే నేను ఒప్పుకోను.

పాప్‌కార్న్ బాకీ:

పుస్తకం చదవలేదు, 2018లో వచ్చిన సినిమా చూశా. అందులో జౌస్ట్ లేదు, దాని బదులు కింగ్ కాంగ్ అడ్డం పడే కార్ల రేసు ఉంది. చివర్లో అడ్వెంచర్ మాత్రం ఉంది. గెలిచి చూపిద్దామని ఆడినవాడల్లా మంచులోకి జారిపోతుంటాడు, మనవాడు గెలుపు సంగతి పక్కనపెట్టి ఆ గదిని వెతుక్కుంటాడు. నాకు అది చాలు. అసలు ఆ 80లలో సగం తయారుచేసిన స్పీల్‌బర్గ్ చేతికే ఈ సినిమా వెళ్లడం, ఆయన మొహమాటపడి తన సినిమాల ప్రస్తావనలే చాలావరకు తీసేయడం... పెళ్లికొడుకే వడ్డనకి నిలబడ్డట్టుంది.

లెక్కల టీచరమ్మ:

అందరూ నచ్చిందా లేదా అన్న దగ్గరే ఆగిపోయారు. నాకు పుస్తకం నచ్చలేదు, కానీ కారణం చీటీ కాదు.

వేడ్ 2020ల్లో పుట్టిన పిల్లాడు. వాడికి సొంత పాట లేదు, సొంత సినిమా లేదు. తన కాలంలో ఎవరేం రాశారో వాడికి అక్కర్లేదు. చచ్చిపోయిన ఒక కోటీశ్వరుడికి చిన్నప్పుడేం ఇష్టమో అదే వాడికి సిలబస్. మాంటీ పైథాన్ అనే బ్రిటన్ హాస్య బృందం వాళ్ల హోలీ గ్రెయిల్ సినిమాని 157 సార్లు చూశానని గొప్పగా చెబుతాడు, ప్రతి మాటా కంఠతా వచ్చట. నేను ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతాను. అది చదువుతుంటే మా హాస్టల్ పిల్లలు పొద్దున్న అయిదింటికి వరండాలో తిరుగుతూ బిట్లు బట్టీ పట్టడమే కళ్లముందు కనబడింది. కథలో ఆ గుడ్డు కోసమే పోటీపడే పెద్ద సంస్థ ఒకటి జీతాలిచ్చి మనుషుల్ని పెట్టి అదే బట్టీ పట్టిస్తుంది. ఎంత భయంకరమైన సంగతి! రచయితకి మాత్రం అందులో భయం కనబడలేదు, సరదా కనబడింది.

ఇంకొకటి. వేడ్ స్నేహితుడు ఏచ్ అని ఉంటాడు. ఒయాసిస్‌లో తెల్ల కుర్రాడు. చివర్లో కలిస్తే నల్లజాతి అమ్మాయి. తెల్లవాడిలా, మగవాడిలా కనబడితేనే అక్కడ మర్యాదగా చూస్తారని వాళ్లమ్మ చెప్పింది. ఈ పిల్ల ఆ తెల్ల కుర్రాళ్ల సినిమాలన్నీ ఎలా చూసి ఉంటుంది? వాటిలో తనలాంటిది ఎక్కడైనా కనబడిందా? నాకు చదవాలనుంది అది. క్లైన్ గారు రెండు మూడు పేజీల్లో తేల్చేసి మళ్లీ రోబోల దగ్గరికి వెళ్లిపోయారు.

బూడిద చుక్క గారూ, మీ గది కథ చాలా బాగుంది. కానీ అది రాబినెట్ గొప్పతనం. క్లైన్ ఖాతాలో వేయకండి.

బూడిద చుక్క:

మేడమ్, ఏచ్ విషయంలో మీరన్నదానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పేజీలు అప్పుడు గబగబా తిప్పేశాను, సిగ్గుగానే ఉంది. ఖాతా విషయంలో మాత్రం సగం ఒప్పుకుంటా. ఆ గది గురించి నాకు చెప్పింది క్లైనే కదా.

కృష్ణలంక కుర్రాడు:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. టీచరమ్మ గారూ, బిట్ల పోలిక చదివాక బస్సులో కాసేపు పుస్తకం గుర్తుచేసుకోవడానికే ఇబ్బందిగా అనిపించింది. ఆ సంస్థ వాళ్లని నేను కథలో దొంగల్లాగే చూశాను, వేడ్ చేసేదీ అదే పనని తట్టలేదు.

ఇక జౌస్ట్ ఎందుకు నచ్చిందో ఇప్పుడు కొంచెం పట్టు దొరికింది. 1982 నాటి ఆర్కేడ్ గేము అది. నిప్పుకోడి మీద ఎక్కి రెక్కలు కొట్టించాలి, ఢీకొన్నప్పుడు ఎవరి బల్లెం పైనుంటే వాడిది గెలుపు. వేడ్ ఒక పిశాచ రాజుతో ఆడతాడు, మూడింట రెండు గెలవాలి. మొదటిది ఓడిపోతాడు. అప్పుడు మంత్రం వేయడు, కత్తి తీయడు. "మనం పక్కలు మారదామా?" అని అడుగుతాడు. స్నేహితుడితో ఆడీ ఆడీ రెండో పక్కన నిలబడటం అలవాటు. చెయ్యికి తెలుసు, మనసుకి తర్వాత తెలిసింది. నేను స్టాపు దాటిపోయింది అక్కడే. జౌస్ట్ పేరు నేనంతకుముందు వినలేదు, అయినా ఆ చెయ్యి నాకు తెలుసు. పేర్లు చదువుకుంటూ పోయిన చోట మాత్రం నాకూ ఆవలింతలే, ఇప్పుడు ఒప్పుకుంటున్నా.

మా అమ్మాయిని కూడా కొంచెం నిలదీశా. అది రోజూ పాడే ఇంగ్లిష్ పాట కేట్ బుష్‌ది, 1985 నాటిది. స్ట్రేంజర్ థింగ్స్ అనే సిరీస్ పుణ్యమా అని 2022లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరింది. "మరి ఇది పాత సామాను కాదా?" అంటే, "అందులో ఆ పాట లేకపోతే మ్యాక్స్ చచ్చిపోయేది నాన్నా" అంది. పాటకి అక్కడ పనుందన్నమాట.

సరే, నేనే ఒక పేజీ రాసి చూద్దామనిపించింది. మా చిన్నప్పటి కృష్ణలంక. జెయింట్ రోబో, రంగు అట్టల బాలజ్యోతి, పాప్పిన్స్, ఆదిత్య 369 పోస్టరు, అన్నీ వేశా. మా అమ్మాయి చదివి ఏమీ అనలేదు. ఒక్క దగ్గర మాత్రం ఆగింది. మా వీధి చివర ఒక వీడియో గేముల కొట్టుండేది, అరగంటకి మూడు రూపాయలు. కాంట్రా అనే గేములో ముప్ఫై లైఫులు వచ్చే కోడ్ ఒక్క అబ్బాయికే తెలుసు. మాకు కనబడకుండా ప్యాడ్ చొక్కా లోపల పెట్టుకుని నొక్కేవాడు. వాడికి నా వాటా మామిడికాయ ముక్కలు వారం రోజులు పెడితే చెప్పాడు. లెక్కల నోట్సు చివరి పేజీలో రాసుకున్నా. పైకి పైకి కిందకి కిందకి, ఎడమ కుడి ఎడమ కుడి, ఎ, బి, స్టార్ట్. అరగంటంతా నొక్కా. మూడు రూపాయలూ పోయాయి, మూడు లైఫులే వచ్చాయి.

"వాడు నీకు తప్పు చెప్పాడా?" అంది. అవును, చివర్లో బి ఎ అని ఉండాలి, ఎ బి అన్నాడు. కావాలనే చెప్పాడో, వాడి వేళ్లకి తెలిసింది నోటికి తిరగబడిందో నాకిప్పటికీ తెలియదు.

నిన్న రాత్రి ల్యాప్‌టాప్‌లో కాంట్రా పెట్టమంది. కోడ్ నేను నొక్కుతానంటే ఒప్పుకోలేదు, కాగితం మీద రాయించుకుని తనే నొక్కింది. ముప్ఫై వచ్చాయి. జలపాతం దగ్గరే అన్నీ పోగొట్టింది. పుస్తకం మాత్రం ఇంకా యాభయ్యో పేజీ దగ్గరే బోర్లా పడుంది.

సెకండ్ షో:

జలపాతం దగ్గర పైకి ఎక్కేటప్పుడు తొందరపడొద్దని చెప్పండి. తెర కింద అంచు తగిలినా చస్తాం. ముప్ఫయ్యీ నావీ అక్కడే పోయేవి.