కేర్ ప్లాన్‌లో ముందు రాయాల్సింది నొప్పా, శ్వాసా?

నేను బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని. సర్జికల్ వార్డులో నాకు అప్పగించిన రోగి కేర్ ప్లాన్ (రోగి సమస్యలను ప్రాధాన్య క్రమంలో రాసి, ఏ సంరక్షణ ఇవ్వాలో చూపే పత్రం) ఎటూ తేలడం లేదు.

రోగి వయసు 58. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ తర్వాత రెండో రోజు. ఉదయం 8 గంటలకు శ్వాస నిమిషానికి 26, అదీ పైపైనే. ఆక్సిజన్ పెట్టకుండా రక్తంలో ఆక్సిజన్ 92 శాతం, నాడి 104, జ్వరం 100 డిగ్రీల ఫారన్‌హీట్. ఊపిరితిత్తుల అడుగున శ్వాస శబ్దాలు తగ్గాయి. నొప్పి కదలకుండా ఉంటే పదికి 3, దగ్గితే 8. దగ్గు రాబోతుంటే కుట్ల మీద చెయ్యి అదిమి ఊపిరి బిగబడుతున్నారు. స్పైరోమీటర్‌లో (ఊపిరి పీల్చి బంతులను పైకి లేపే వ్యాయామ పరికరం) ఒక్క బంతి కూడా నిలవడం లేదు.

డాక్టర్ రాసిన నొప్పి మందు ఇచ్చి, అది పనిచేశాక పొట్టకు దిండు ఆనించి దగ్గించాను. శ్వాస 20కి దిగింది, ఆక్సిజన్ 95కి చేరింది.

ఏబీసీ క్రమం (ముందు శ్వాస మార్గం, తర్వాత శ్వాస, ఆ తర్వాత రక్త ప్రసరణ) ప్రకారం శ్వాస సమస్యను ముందు రాస్తే, మూలం నొప్పి కదా అని వార్డు ఇన్‌స్ట్రక్టర్ తిప్పి పంపారు. నొప్పిని పైకి తెస్తే, శ్వాస తర్వాతే ఏదైనా అని క్లాసు మేడం కొట్టేశారు. మనిషి అవసరాలను మెట్లుగా పేర్చే మాస్లో పిరమిడ్ కూడా ఆదుకోలేదు. రెండూ అట్టడుగు మెట్టులోనే ఉన్నాయి. నా మొగ్గు శ్వాస వైపే, కానీ మందు తర్వాత వచ్చిన మార్పు ఇన్‌స్ట్రక్టర్ మాటనే బలపరుస్తోంది.

ఇలాంటి రోగికి శ్వాస సమస్యను మొదటి నర్సింగ్ డయాగ్నసిస్‌గా (నర్సు గుర్తించిన సమస్యగా) రాసి నొప్పిని దాని కారణంగా చూపాలా, లేక నొప్పినే మొదటిదిగా రాయాలా?