నూరు వరహాల చెట్టుకు లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నయ్, ఏం చేయాలె?

మిర్యాలగూడ నుంచి:
అందరికీ నమస్తే. రెండేండ్ల కింద ఇల్లు కట్టుకున్నప్పుడు కాంపౌండ్ గోడ పొంటి నాలుగు నూరు వరహాల చెట్లు పెట్టిన, నర్సరీ కవర్ల ఉన్నన్ని రోజులు గుత్తులు గుత్తులు పూసినయి, ఇప్పుడు చివర్లకు వచ్చే లేత ఆకులు నిమ్మపండు రంగుకు తిరిగినయ్, ఈనెలు మాత్రం ఆకుపచ్చగనే ఉన్నయ్. ఒక్క మొగ్గ లేదు. పశువుల ఎరువు ఏసిన, యూరియా ఏసిన, ఎవరో చెప్తే గుడ్డు పెంకులు, కట్టెల బూడిద గూడ ఏసిన. పోసేది బోరు నీళ్లే. చెట్లను చూస్తే పానం ఉసూరుమంటుంది.

దేవరకొండ నుంచి:
చెల్లె, ముందుగాల ఆ పెంకులు, బూడిద బంద్ చెయ్. రెండూ నేలకు సున్నం గుణమే తెస్తయ్, ఈ చెట్టుకేమో పులుపు నేల కావాలె, పీహెచ్ (నేల పులుపును కొలిచే లెక్క) 5 నుంచి 6 దాక ఉంటే ఖుషీగ పెరుగుతది. యూరియాల ఉండే నత్రజని తక్కువైతే ముందు కింది పాత ఆకులు పసుపైతయ్, లేత ఆకులు పసుపై ఈనెలు ఆకుపచ్చగ మిగిలినయంటే అది ఇనుము అందకనే. మన చెల్క మట్టి ఎర్రగుండేదే ఇనుముతోని, కానీ సున్నం ఎక్కువైతే ఆ ఇనుము నీళ్లల్ల కరగదు, వేరుకు దొరకదు. గోడ పక్కన సిమెంటు, సున్నం పెళ్లలు మట్టిల కలిసే ఉంటయ్, జరంత మట్టి తీసి దాని మీద వెనిగర్ పోసి చూడు, బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే.

నల్లగొండ నుంచి:
అక్క చెప్పింది కరెక్ట్. లీటరు నీళ్లకు అన్నభేది (ఇనుము అందించే ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము కలిపి పొద్దుగూకినంక ఆకులు తడిసేటట్టు కొట్టండి, వారం పది రోజులకోసారి రెండు మూడు సార్లు. ఎండల కొడితే ఆకు మాడుతది, బండల మీద పడితే తుప్పు మరకలు పోవు. మట్టిల వేసేదానికైతే ఈడీడీహెచ్ఏ రకం చీలేటెడ్ ఐరన్ (వేరుకు అందే రూపంల ఉండే ఇనుము మందు) అడగండి, సున్నం నేలల ఈడీటీఏ రకం నిలవదు.

మహబూబ్‌నగర్ నుంచి:
నాదీ ఇదే కథ. బోరు నీళ్లు పోసీ పోసీ తొట్టి అంచుకు తెల్లటి సున్నపు పొర కట్టింది, గోటితోని గీకితే పెచ్చులు పెచ్చులు రాలింది, అప్పుడు అర్థమైంది లోపం ఎరువుల కాదు నీళ్లల్ల ఉందని. రెండు పాళ్లు చెల్క మట్టి, ఒక పాలు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీ కంపోస్టు కలిపి పెద్ద తొట్టిలకు మార్చిన, డాబా మీది వాన నీళ్లు డ్రమ్ముకు పట్టి అవే పోసిన. దసరా వచ్చేసరికి లేత ఆకులు నిగనిగలాడినయి, తర్వాత మొగ్గలొచ్చినయి. పూసిన గుత్తి వాడిపోంగనే దాని కింద కత్తిరించాలె, కొత్త కొమ్మ చివరనే పువ్వు వస్తది.

మిర్యాలగూడ నుంచి:
చాలా థ్యాంక్స్ అన్నా, అక్కా. వెనిగర్ పోస్తే నురుగు పొంగింది! ఇప్పుడే తొట్టిలకు మార్చాల్నా?

దేవరకొండ నుంచి:
ఈ ఎండల వేరు కదిలిస్తే తట్టుకోదు చెల్లె. తొలకరి పడి నేల సల్లబడ్డంక వేరు చుట్టూ మట్టి గడ్డ పగలకుండ తియ్యి. అప్పటిదాక అన్నభేది స్ప్రే చాలు, యూరియా ముట్టకు.