కెనడా నుంచి వచ్చిన పాత పికప్ ట్రక్కును అమెరికాలో కొనవచ్చా?

టెక్సస్ సభ్యుడు (ప్రశ్న):
అందరికీ నమస్కారం. ట్రైలరు లాగడానికి ఒక పాత పికప్ ట్రక్కు కోసం రెండు నెలలుగా వెతుకుతున్నాను. 2017 మోడల్, నాలుగు తలుపుల హాఫ్ టన్ను (పెద్ద పికప్‌లలో తేలిక రకం) ట్రక్కు ఒకటి చిన్న డీలరు దగ్గర కనిపించింది. ఓడోమీటరు 97,000 మైళ్లు చూపిస్తోంది. ఇదే మోడలుకు మిగిలినవారు అడుగుతున్న ధర కంటే సుమారు 4,000 డాలర్లు తక్కువ. కారణం అడిగితే, అది కెనడాలోని ఆల్బెర్టా నుంచి వచ్చిన బండి అని డీలరు దాచకుండానే చెప్పారు. మా అన్నయ్య ఆ మాట వినగానే వద్దన్నారు. ఇంత తేడా ఉన్నప్పుడు వదులుకోవడం తెలివితక్కువ పని అని తోటి ఉద్యోగి అంటున్నారు. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

మిషిగన్ సభ్యుడు:
మీ అన్నయ్య గారి మాటే నా మాట. నాలుగేళ్ల క్రితం కెనడాలోని ఆంటారియో నుంచి వచ్చిన 2012 మోడల్ ట్రక్కును నేను కొన్నాను. కింద వంగి చూస్తే ఫ్రేము అంతా నల్లగా, కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఎంత బాగా చూసుకున్నారో అని మురిసిపోయాను. మొదటి చలికాలంలోనే ఒక రోజు బ్రేకు తొక్కితే పెడలు నేల దాకా దిగిపోయింది. అదృష్టం బాగుండి ఇంటి వాకిట్లోనే ఉన్నాను. వెనక చక్రాలకు వెళ్లే బ్రేకు గొట్టం తుప్పు పట్టి పగిలిందని తేలింది. మెకానిక్ బండిని పైకి లేపి, వెనక చక్రం దగ్గర ఫ్రేము మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి నొక్కితే, నల్లరంగు పెచ్చుగా ఊడిపోయి మొన లోపలికి దిగింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. తుప్పు మీద రంగు పూసి అమ్మారన్నమాట. ధరలో మిగిలిందనుకున్న డబ్బుకు రెట్టింపు మరమ్మతుకే పోయింది. మంచు కరగడానికి అక్కడి రోడ్ల మీద చల్లే ఉప్పు ముందు ఎంత గట్టి ఇనుమైనా నిలవదు. సరిహద్దు దాటి వచ్చిన బండి జోలికి పోవద్దనే నా సలహా.

కాల్గరీ సభ్యుడు:
మిషిగన్ మిత్రులకు జరిగిన నష్టానికి నిజంగా బాధపడుతున్నాను. అయితే ఆంటారియోలో జరిగినదాన్ని ఆల్బెర్టాకు అంటగట్టడం న్యాయం కాదు. మామూలు రోడ్డు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే సరిగా పనిచేయదు. అందుకే మా వైపు చాలా రోడ్ల మీద ఇసుక, సన్నకంకర ఎక్కువగా వేస్తారు, గాలిలో తేమ కూడా తక్కువ. ఇక్కడి బండికి అద్దం మీద పగుళ్లు, ముందుభాగంలో కంకర దెబ్బలు కనిపిస్తాయి తప్ప, ఆంటారియో, క్వెబెక్ బండ్లంత తుప్పు సాధారణంగా ఉండదు.

ధర తక్కువ అనగానే లోపం ఉందని అనుకోనవసరం లేదు. 2023 నుంచి కెనడా డాలరు విలువ 80 అమెరికా సెంట్ల లోపే ఉంటోంది కాబట్టి, ఇక్కడ కొని అక్కడ అమ్మే వ్యాపారికి ఆ తేడాలోనే లాభం వస్తుంది. 2011లో రెండు డాలర్లూ దాదాపు సమానంగా ఉన్నప్పుడు మావాళ్లే అమెరికాకు వచ్చి ట్రక్కులు కొని తెచ్చుకునేవారు. అప్పుడు అమెరికా బండ్లన్నీ చెడ్డవని ఎవరూ అనలేదు కదా.

ఒహాయో సభ్యురాలు:
వాహనాల టైటిల్ (యాజమాన్య పత్రం) కాగితాలు చూసే ఉద్యోగంలో పదకొండేళ్లుగా ఉన్నాను. ఇద్దరూ ఇనుము గురించి మాట్లాడుతున్నారు గాని, నా దృష్టిలో అసలు చిక్కు చరిత్ర తెగిపోవడం. తుప్పును లిఫ్టు మీద పెట్టి చూడవచ్చు, తెగిన చరిత్రను మాత్రం కొనేవారే వెనక్కి వెళ్లి కలుపుకోవాలి.

అమెరికాలో టైటిళ్ల సమాచారాన్ని రాష్ట్రాల మధ్య పంచుకోవడానికి ఎన్‌ఎమ్‌వీటీఐఎస్ అనే జాతీయ వ్యవస్థ ఉంది. అందులో కెనడా రాష్ట్రాల రికార్డులు ఉండవు. ఘోర ప్రమాదానికి గురైన బండికి క్వెబెక్‌లో వీజీఏ (ఫ్రెంచిలో ‘తీవ్ర ప్రమాదానికి గురైన వాహనం’) అని కాగితాల మీద ముద్ర వేస్తారు, ఆంటారియోలో 2003 నుంచి సాల్వేజ్ (బాగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (మళ్లీ బాగుచేసినది) వంటి ముద్రలు తప్పనిసరి. బండి సరిహద్దు దాటి ఇక్కడ కొత్త టైటిల్ తీసుకునేటప్పుడు ఆ ముద్ర జారిపోతే, కొనేవారి చేతికి మచ్చలేని కాగితం వస్తుంది. అప్పు సంగతి కూడా అంతే. అక్కడ బండి మీద ఉన్న తాకట్టు ఆ రాష్ట్రపు రిజిస్టరులోనే ఉంటుంది, ఇక్కడి టైటిల్ మీద కనిపించకపోవచ్చు. కాబట్టి అమెరికా రిపోర్టు ఒక్కటే చూసి తృప్తి పడకుండా, బండ్ల చరిత్రను అమ్మే కార్‌ఫాక్స్ కెనడా సంస్థ రిపోర్టును విడిగా తీయించండి. ప్రమాదాలు, సర్వీసు రీడింగులు, తాకట్లు అందులో చాలావరకు తెలుస్తాయి.

రెండోది ఓడోమీటరు. కెనడా బండి కిలోమీటర్లలో లెక్కిస్తుంది. 1,56,000 కిలోమీటర్లంటే సుమారు 97,000 మైళ్లు కాబట్టి మీ డీలరు చెప్పే అంకె నిజమే కావచ్చు. కాని మీటరు మార్చేటప్పుడే అంకె తగ్గించడానికి వీలు చిక్కుతుంది. కొత్త మీటరులో పాత అంకెను చూపించలేని పక్షంలో దాన్ని సున్నాకు పెట్టి, పాత అంకె, మార్చిన తేదీ రాసిన చీటీని డ్రైవరు వైపు తలుపు చట్రానికి అంటించాలని ఫెడరల్ చట్టం చెబుతోంది. 2011, ఆ తర్వాతి మోడళ్లకు అమ్మకం సమయంలో ఓడోమీటరు అంకెను రాతపూర్వకంగా ప్రకటించవలసిన గడువు 20 ఏళ్లు. మోసగించే ఉద్దేశంతో ఈ చట్టాన్ని ఉల్లంఘించారని రుజువైతే, నష్టానికి మూడు రెట్లు గాని, 10,000 డాలర్లు గాని, ఏది ఎక్కువైతే అది కోరవచ్చు. ఆ ప్రకటన మీద అమ్మినవారి సంతకం లేకుండా డబ్బు ఇవ్వకండి.

మూడోది దిగుమతి కాగితాలు. 25 ఏళ్లు నిండని బండి అమెరికా భద్రతా ప్రమాణాలకు సరిపోవాలి. అమ్మకం కోసం తెచ్చేవారు సాధారణంగా ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) వద్ద నమోదైన దిగుమతిదారు ద్వారా బాండు (ప్రమాణాలకు సరిపోతుందన్న పూచీ) కట్టి తెస్తారు. ఆ బాండును విడుదల చేసిన లేఖ, భద్రతకు సంబంధించిన హెచ్‌ఎస్-7 ఫారం, పర్యావరణ సంస్థ ఈపీఏ వారి 3520-1 ఫారం నకళ్లు అడగండి. నిజాయితీ ఉన్న డీలరు విసుక్కోరు. వారంటీ ఎలాగూ ముగిసి ఉంటుంది, దాని ప్రస్తావన అనవసరం. రీకాల్ (లోపం సరిచేయడానికి తయారీ సంస్థ బండ్లను వెనక్కి పిలవడం) మాత్రం ముఖ్యం. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో విదేశీ మార్కెట్టుకు తయారైన బండ్ల రీకాల్ వివరాలు కనిపించవు. అక్కడ ఏమీ లేదని వస్తే నిశ్చింతగా ఉండకుండా, తయారీ సంస్థకే ఫోన్ చేసి వీఐఎన్ (బండి గుర్తింపు సంఖ్య) చెప్పి కనుక్కోండి.

మిషిగన్ సభ్యుడు:
ఇంత ఓపికగా వివరించినందుకు ఒహాయో సోదరికి కృతజ్ఞతలు. అయినా ఒక మాట అడుగుతాను. ఒక పాత బండి కొనడానికి మామూలు మనిషి ఇన్ని కాగితాలు, ఇన్ని ఫోన్లు, రెండు దేశాల రిపోర్టులు చూడవలసి వస్తే, ఆ శ్రమకు 4,000 డాలర్లు సరిపోతాయా? పైగా ఆల్బెర్టా నుంచి వచ్చిందంటే ఆల్బెర్టాలోనే తిరిగిందని అర్థం కాదు. చమురు పనుల కోసం తూర్పు రాష్ట్రాల నుంచి ఎందరో తమ ట్రక్కులతోనే అక్కడికి వెళ్లారు.

హ్యూస్టన్ సభ్యుడు:
సరిపోతాయనే నేను అంటాను, ఎందుకంటే ఈ శ్రమ దేశీయ బండికీ తప్పదు. 2017లో హార్వీ తుఫాను తర్వాత మా ఊళ్లో మునిగిన బండ్లు ఎన్నో కడిగి, ఆరబెట్టి, దూర రాష్ట్రాలకు చేరాయి. అవి ఏ సరిహద్దూ దాటలేదు. మిషిగన్‌లో మాత్రం ఉప్పు చల్లరా?

టెక్సస్ సభ్యుడు:
మీరు చెప్పినవన్నీ రాసుకుని నిన్న మళ్లీ వెళ్లి చూశాను. ఎండ అడ్డుపలక మీద ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక ఇంగ్లీషు, ఫ్రెంచి రెండింటిలోనూ ఉంది. తలుపు స్తంభం మీద మేపుల్ ఆకు ముద్ర ఉన్న తయారీ చీటీ, దాని పక్కనే దిగుమతిదారు అంటించిన చీటీ ఉన్నాయి. ముందు జాలీ కింద నుంచి ఇంజను వేడిచేసే హీటరు తీగ వేలాడుతోంది. బాండు విడుదల లేఖ నకలు డీలరు వెంటనే ఇచ్చారు. కార్‌ఫాక్స్ కెనడా రిపోర్టు ప్రకారం మొదటి నుంచి ఆల్బెర్టాలోనే నమోదైంది, చివరి సర్వీసులో 1,49,000 కిలోమీటర్లు, తాకట్టు లేదు. ఫ్రేము మీద పైపైన గోధుమరంగు మరక తప్ప పెచ్చులు లేవు, కొత్త రంగు కూడా లేదు. అన్నయ్య సైతం కొంత మెత్తబడ్డారు. అయితే డాష్‌బోర్డు తెర మీది మెనూలో వెతికితే ఇంజను నడిచిన గంటలు 6,460 అని కనిపించాయి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

కాల్గరీ సభ్యుడు:
ఆల్బెర్టా తరఫున వాదించినవాణ్ణి నేనే కాబట్టి ఇది కూడా నేనే చెప్పాలి. 97,000 మైళ్లను 6,460 గంటలతో భాగిస్తే గంటకు 15 మైళ్లు వస్తుంది. మామూలు వాడకంలో ఇది 30 దరిదాపుల్లో ఉండాలి. అంటే బండి కదలకుండా నిలబడి ఉండగానే ఈ ఇంజను సగానికి పైగా కాలం నడిచింది. మైనస్ 30 డిగ్రీల చలిలో పని స్థలం దగ్గర ఇంజను ఆపితే మళ్లీ స్టార్ట్ కాదేమో అనే భయంతో రోజంతా నడుపుతూనే ఉంచుతారు. ఆ అరుగుదల ఓడోమీటరులో కనిపించదు. మీరు ట్రైలరు లాగాలంటున్నారు కాబట్టి, దీన్ని 97,000 మైళ్ల బండిగా కాకుండా సుమారు 1,94,000 మైళ్ల బండిగా లెక్కవేసి ధర మాట్లాడండి. ఆ లెక్కన చూస్తే 4,000 డాలర్ల తగ్గింపు చాలదు. డీలరు ఇంకా దిగకపోతే వదిలేయండి. దిగితే మాత్రం సంతకానికి ముందు వేరే మెకానిక్‌తో నాలుగు విషయాలు చూపించండి: చల్లని ఇంజను స్టార్ట్ చేసినప్పుడు వచ్చే చప్పుడు, సిలిండర్ల కంప్రెషను (లోపలి ఒత్తిడి), ఆయిల్ నమూనా పరీక్ష, గేరుబాక్సు ఆయిల్ రంగు. ఆయిల్ నమూనాను డీలరు ముందుగా మార్చేయకుండా, మీరు వెళ్లే రోజు మీ కళ్ల ముందే తీయించండి.