అప్‌డేట్: పిల్లలతో ఢిల్లీ రైల్ మ్యూజియం చూసొచ్చాం

తొమ్మిదో తరగతి పిల్లలను ఢిల్లీ టూర్‌కు తీసుకెళ్తున్నాం, చాణక్యపురిలోని నేషనల్ రైల్ మ్యూజియంలో ఫిజిక్స్ పాఠాలకు పనికొచ్చేవి ఏమున్నాయని అడిగాను కదా. వెళ్లొచ్చామండీ! మోనోరైలు దగ్గర ఎక్కువసేపు ఆగమన్నవాళ్లకు చాలా థ్యాంక్స్.

అది పటియాలా సంస్థానంలో 1907లో మొదలైన బండి. బరువు దాదాపు అంతా ఒక్క పట్టా మీదే. పక్కన పెద్ద ఇనుప చక్రం రోడ్డు మీద దొర్లుతూ బండి ఒరిగిపోకుండా చూస్తుంది. "ఆ చక్రం తీసేస్తే?" అని అడిగానంతే. పిల్లలు వంగి కిందికి చూస్తూ గరిమనాభి (బండి బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) ఎక్కడుంటుందోనని వాదనకు దిగారు. బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా ఇంత హుషారు రాలేదు.

నాకు మాత్రం సింద్రీ ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసిన నిప్పులేని ఆవిరి ఇంజన్ తెగ నచ్చింది. దానికి కొలిమి ఉండదు. బయటి బాయిలర్ నుంచి అధిక పీడనంలో ఆవిరి, వేడినీళ్లు నింపుతారు. ఆవిరి వాడుకునే కొద్దీ పీడనం తగ్గుతుంది, దాంతో మరుగు స్థానమూ తగ్గి, లోపలి నీళ్లు మళ్లీ మరుగుతాయి. ఈ పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నేను చూడలేదు.

నిజాం స్టేట్ రైల్వేలో వాడిన 1914 నాటి జాన్ మోరిస్ ఫైరింజన్ కూడా అక్కడే ఉంది. మనవాళ్లు వెళ్తే తప్పక చూడండి. సోమవారం మ్యూజియానికి సెలవు.